మూత ఎత్తిన చెయ్యి

కిందటి వారం నేను చర్చి నేలమాళిగలో ఉన్నాను. కోతల విందు రోజు. గోడ పొడుగునా బల్లల మీద ఊరందరి స్లో కుక్కర్లూ, గంటల తరబడి సన్నసెగ మీద వండే కరెంటు కుండలు, వరసగా ఉడుకుతున్నాయి. నేను ఒక్కొక్క మూత దగ్గరా ఆగి, వంగి చూస్తూ నడుస్తున్నాను. కొత్త పెళ్ళికూతురు వంటలు తెలుసుకుంటోందని పెద్దవాళ్ళు మురిసిపోయారు. నేను చూస్తున్నది వంటల్ని కాదు. ఒక ముడి కోసం వెతుకుతున్నాను.

ఎందుకంటే మా ఇంట్లోకి ఎవరో వస్తున్నారు.

మా పెళ్ళయి ఇది రెండో నెల. నాకు ఇంకా అన్నీ వింతగానే ఉన్నాయి. ఒకే గ్లాసులో రెండు పళ్ళ బ్రష్షులు చూసినా నవ్వొస్తుంది. ఉత్తరాల డబ్బా మీద రూబెన్ పేరు పక్కన నా పేరు చూడ్డానికి ఉత్తరాలు లేని రోజు కూడా వాకిలి దాకా వెళ్ళొస్తాను. ఆ సరదాల్లో ఒకటి పొద్దున్నే బడికి పాఠం చెప్పడానికి వెళ్ళేముందు స్లో కుక్కర్లో గుమ్మడికాయ తీపి పెట్టడం. గంట చూసి దానంతటదే ఆగి, సాయంత్రం దాకా వెచ్చగా కూర్చుంటుంది. నేను ఇంటికొచ్చి తలుపు తియ్యగానే వెన్నా దాల్చినచెక్కా కలిసిన వాసన ఎదురొస్తుంది. ఇంట్లో ఎవరో నాకోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది.

అయితే కొన్నాళ్ళుగా నిజంగానే ఎవరో ఉండి వెళ్తున్నారు. మూతకి పట్టిన ఆవిరి కారి తీపి మీది కేకు పొర తడవకుండా, నేను మూత కింద వంటింటి తువ్వాలు పరిచి, నాలుగు కొసలూ మూత మీదికి మడిచి వదిలేస్తాను. సాయంత్రానికి ఆ కొసలు ఎదురెదురుగా ముడిపడి ఉంటున్నాయి, చద్దిమూట కట్టినట్టు. లోపల ఒక మూలన గిన్నెడు తీపి తగ్గి ఉంటోంది. ఆ తిన్న గిన్నె కడిగి, అలమరలో బోర్లించి ఉంటోంది. నేను గిన్నెలు బోర్లించను.

రూబెన్‌ని అడిగితే "నేనే తిన్నాను" అన్నాడు. మా రూబెన్ గుమ్మడి పొలాల మధ్య పెరిగినవాడు. కోతల కాలమంతా లారీ నిండా గుమ్మడికాయలు గుజ్జు డబ్బాల కర్మాగారానికి తోలుతాడు. మేం రెండోసారి కలుసుకున్నప్పుడే గుమ్మడి గుజ్జు నింపి కాల్చిన తీపి రొట్టె పళ్ళెం పక్కకి తోసి, ఆ వాసనంటేనే తనకి గిట్టదని చెప్పాడు. అందుకే మెల్లగా అడిగాను, "అక్రోట్లు ఎలా ఉన్నాయి?" అని. "బ్రహ్మాండం. కరకరలాడాయి" అన్నాడు.

నేను అక్రోట్లు వెయ్యలేదు.

ఆ ఒక్క మాటతో నా కొత్త కాపురంలో ఏదో జారి కిందపడ్డట్టయింది. గిన్నెడు తీపి ఎవరు తింటే ఏం, పోనీ. కానీ నా మొగుడు నా కళ్ళలోకి చూస్తూ, నవ్వుతూ, అంత సులువుగా అబద్ధం ఎలా చెప్పాడు? ఎవరికోసం చెప్పాడు?

చర్చిలో ఆ ముడి ఒక్క కుక్కర్ మీదే కనిపించింది. గోధుమరంగు పాత కుక్కర్. పక్కన అంటించిన కాగితం పట్టీ మీద పేరుంది. ఆర్డిత్. రూబెన్‌ని ఆరేళ్ళప్పటినుంచీ పెంచిన మేనత్త.

*

శనివారం పొద్దున ఒక సంచీలో గుమ్మడి గుజ్జు డబ్బా, కేకు పొడి పెట్టె, వెన్న వేసుకుని ఆర్డిత్ అత్తయ్య ఇంటికి వెళ్ళాను. ఇక్కడ అయినవాళ్ళంతా వెనక తలుపునుంచే వస్తారు. మనసులో అనుమానం పెట్టుకుని వెళ్తున్నాను కదా, కాళ్ళు వాటంతటవే ముందు గుమ్మానికి నడిచాయి. తలుపు కొట్టాను.

ఆవిడ తలుపు తీసి నన్ను పైనుంచి కిందికి చూసింది. పొడుగు మనిషి. నెరిసిన జుట్టు మగవాళ్ళలా కత్తిరించుకుంటుంది.

"ముందు తలుపు కొట్టావేంటి పిల్లా? పాస్టరుగారో పోలీసో అనుకుని గుండె ఆగినంత పనయింది. వెనకనుంచి రావడం మర్చిపోయావా?"

"గుమ్మడికాయ తీపి నేర్చుకుందామని వచ్చానత్తయ్యా."

"వారానికి రెండుసార్లు అదే వండుతున్నావని ఊరంతా చెప్పుకుంటోంది. ఇంకా నేర్చుకునేదేముంది?"

"నాది అంచులు మాడిపోతున్నాయి."

"అబద్ధమాడితే నీ మెడ ఎర్రబడుతుంది, ఎవరైనా చెప్పారా నీకు? మీ పెళ్ళినాడు నేను చేసిన మాంసం ముద్ద బ్రహ్మాండంగా ఉందన్నప్పుడూ ఇలాగే ఎర్రబడింది." పక్కకి తప్పుకుంది. "సరే, రా. అసలు సంగతి ఎప్పటికి బయటపెడతావో చూద్దాం."

వంటింట్లో ఆవిడ కుక్కర్ ఖాళీగా, తళతళలాడుతూ ఉంది. నా సంచీలోంచి డబ్బా తీసి వెలుగుకి పట్టుకుని చదివింది.

"వట్టి గుజ్జే. బతికావు. మసాలా కలిపిన డబ్బా కూడా ఇదే రంగులో ఉంటుంది. మన చర్చి లవోన్ ఒకసారి అది పోసి, మళ్ళీ మసాలా కూడా వేసి, చర్చి మొత్తానికి రెండురోజులు లవంగాల తేన్పులు తెప్పించింది."

ఇక్కడ ఎటు చూసినా గుమ్మడి తోటలే. అయినా ఇంట్లో కాయ కోసేవాళ్ళు ఎవరూ లేరు. మా పొలంలో కాసింది మా లారీలోనే కర్మాగారానికి పోయి, డబ్బాలో పడి, కొట్టు మీదుగా మళ్ళీ మా వంటింటికే వస్తుంది. అది తలుచుకున్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఆ రోజు రాలేదు.

ఆవిడ చెబుతుంటే నేను చేశాను. కుండ లోపల వెన్న రాశాను. గుజ్జులో గుడ్లు, పంచదార, చిక్కపాలు, దాల్చినచెక్క పొడి, శొంఠి, కాస్త జాజికాయ వేసి గిలక్కొట్టి పోశాను. పైన కేకు పొడి పొడిపొడిగానే చల్లాను. గరిటె అందుకోబోతే నా మణికట్టు మీద ఒకటి తగిలించింది.

"కలపకు. చేతులు కట్టుకో. కలిపావా, అది పిండిజావ. వదిలేశావా, కింద మెత్తగా, పైన కరకరగా రెండు పొరలవుతుంది. మనుషుల్లాగే. కొన్నిటిని కదపకూడదు."

కరిగిన వెన్న పొడంతా తడిసేలా సన్నధారగా పోశాను. ఆవిడ మీద నుంచి పీకన్ పప్పులు చల్లింది. తువ్వాలు పరిచింది, మూత పెట్టింది. తర్వాత, నేను ఊపిరి బిగబట్టి చూస్తుండగా, ఎదురెదురు కొసలు రెండు తీసుకుని మూత పిడి మీదుగా ముడేసింది. మళ్ళీ తక్కిన రెండూ. మా ఇంట్లో నేను సాయంత్రాలు విప్పే ముడి అదే.

"ఈ ముడి ఎక్కడ నేర్చుకున్నారత్తయ్యా?"

ఆవిడ చేతులు తుడుచుకుంటూ నాకేసి తిరిగింది.

"ఇదన్నమాట సంగతి. విందు రోజు నువ్వు మూతలన్నీ వాసన చూస్తూ తిరిగావని లవోన్ చెప్పింది. ఏంటే నీ బాధ?"

"నేను ఇంట్లో లేనప్పుడు మీరు మా ఇంటికి వస్తున్నారా?"

ఆ మాట అనేశాక నాకే భయమేసింది. ఆవిడ మాత్రం కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చుంది.

"నీ ఇంటికి రావాలనుకుంటే నువ్వున్నప్పుడే వస్తాను. కిటికీల మీద దుమ్ము చూపించాలంటే ఎదురుగా మనిషుండాలి కదా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను. ఏం పోయింది నీ ఇంట్లో?"

"తీపి. ఒక గిన్నెడు. మూడుసార్లు."

"తీపి," అంది. "గిన్నెడు తీపి కోసం పెద్దముండని పట్టుకుని దొంగని చేశావు."

"అదొక్కటే కాదు. వచ్చిన మనిషి తువ్వాలుకి ఇదే ముడి వేసి వెళ్తోంది. తిన్న గిన్నె కడిగి, అలమరలో బోర్లిస్తోంది. చర్చిలో అందరివీ చూశాను. లవోన్ బట్టల క్లిప్పులు పెడుతుంది. కొందరు కాగితాలు పరుస్తారు. ఇలా కట్టేది మీరొక్కరే."

నేను ఇంకా కోపానికి సిద్ధపడుతూనే ఉన్నాను. ఆవిడ కోప్పడలేదు. మెల్లగా లేచి కుక్కర్ దగ్గరికి వెళ్ళింది. తను వేసిన ముడి తనే విప్పింది. మూత ఎత్తింది.

ఇది ఎంత పెద్ద సంగతో చెప్పాలి. ఆర్డిత్ అత్తయ్య ముందు ఉడుకుతున్న కుక్కర్ మూత ఎత్తడమంటే, ప్రార్థన మధ్యలో లేచి పాట పాడటంలాంటిది. మూత ఎత్తితే అరగంట పోయినట్టే అంటుంది. ఆకలేసిన పిల్లల్నీ, ఒకసారి పాస్టరుగారినీ కూడా కొయ్య గరిటెతో వేళ్ళ మీద కొట్టింది. అలాంటి మనిషి మూత చేత్తో పట్టుకుని, లోపలికి చూస్తూ, అలాగే నిలబడిపోయింది. వేడెక్కీ ఎక్కని ఆవిరి కాస్త లేచి పోయింది.

"అత్తయ్యా, మూత."

వినపడలేదు.

"రూబెన్ తన తల్లి గురించి నీకేం చెప్పాడు?" అంది.

"చిన్నప్పుడే వెళ్ళిపోయిందని చెప్పాడు. మొహం కూడా గుర్తులేదన్నాడు."

"కోతల విందు రోజు," అంది ఆవిడ. "అదే నేలమాళిగ. లోరీన్ ఇదే తీపి వండి తెచ్చింది. బల్ల మీద పెట్టింది. వాడిని నా ఒళ్ళో కూచోబెట్టి, వడ్డించే చెంచా కార్లో మర్చిపోయాను వదినా, ఇప్పుడే తెస్తానంది. మెట్లెక్కి వెళ్ళింది. మళ్ళీ దిగలేదు."

"తర్వాత?"

"తర్వాతేముంది. చెంచా రాలేదని ఎవరి చెంచాలతో వాళ్ళే తవ్వుకుని తిన్నారు. బాగుందని మెచ్చుకున్నారు కూడా. నేను వాడి మూతి తుడిచి, ఆ కుక్కర్ కడిగి, రెండిటినీ ఇంటికి తెచ్చుకున్నాను. మా తమ్ముడు బతికున్నన్నాళ్ళూ ఆ పేరెత్తలేదు."

"ఆవిడ ఎక్కడుందో ఎప్పుడూ తెలియలేదా?"

"దేవుడికెరుక." ఆ మాట నాకు కాదు, కుక్కర్‌కి చెప్పినట్టు చెప్పింది. అప్పుడు మూత పెట్టింది. "ఈ ముడి మా ఇంటికి తెచ్చింది తనే. కాపురానికొచ్చిన కొత్తలో తువ్వాలు కొస వేలాడి, కుక్కర్ పక్కకి తగిలి కమిలింది. మా అమ్మ దానిమీద నానా మాటలూ అంది. మర్నాటినుంచీ కట్టడం మొదలుపెట్టింది. చూసి చూసి నాకూ అలవాటయింది. మా ఇద్దరికీ తప్ప ఈ ఊళ్ళో ఇంకెవరికీ లేదు ఈ అలవాటు."

బయట ఎక్కడో గుమ్మడి లారీ పోతున్న చప్పుడు. అది రూబెన్‌దే కావచ్చు.

"ఎవరో వస్తున్నారని వాడికి తెలుసా?" అంది ఆవిడ.

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ ఎన్నాళ్ళనుంచో ఒక్కదాన్నే మోస్తున్నాను. అక్రోట్ల సంగతి చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆవిడ కాగితం రుమాలు ఇచ్చింది కానీ దగ్గరికి తీసుకోలేదు.

"మళ్ళీ ఎప్పుడు వండుతున్నావు?"

"మంగళవారం. ఆ రోజు బడికి సెలవు పెట్టి, ఇంట్లోనే దాక్కుని చూస్తాను."

"నేనూ వస్తాను."

"వద్దత్తయ్యా. ముందు నన్ను చూడనివ్వండి. అతను నా మొగుడు కదా."

ఆవిడ గట్టు మీద పడ్డ కేకు పొడి తుడిచేసింది. తర్వాత "సరే" అంది. ఆర్డిత్ అత్తయ్య ఒక్క మాటతో ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి చూడటం. కారెక్కి సగం దూరం వచ్చాక గాని నాకా సంగతి తట్టలేదు.

*

సోమవారం సాయంత్రం రూబెన్ మట్టి కొట్టుకుపోయి వచ్చాడు. చెవుల వెనక కూడా మట్టే. నేను తువ్వాలు తడిపి తుడుస్తుంటే గేదెలా తల వంచి నిలబడ్డాడు. పెళ్ళైన మొదటి వారంలో ఈ పని చేస్తూ ఇద్దరం నేల మీద కూలబడి నవ్వుకున్నాం. ఇప్పుడూ నవ్వాడు. నేనూ నవ్వాను. మధ్యలో అడిగాడు.

"రేపు మామూలుగా బడేనా నీకు?"

నా చెయ్యి అతని మెడ మీద ఆగింది. ఎప్పుడూ అడగడు.

"మామూలే. ఏం?"

"ఊరికే."

నేను గబుక్కున అతని వెనక్కి వెళ్ళి వీపు తుడవసాగాను, నా మెడ కనిపించకుండా. ఒకే ఇల్లు, ఒకే తువ్వాలు, చెరో అబద్ధం. ఆ పూట అన్నీ మామూలుగానే తిన్నాం. అతను నా పళ్ళెంలోంచి బంగాళాదుంప ముక్క దొంగిలించాడు. మామూలుగా అయితే చేతి మీద కొట్టేదాన్ని. ఆ పూట తిననిచ్చాను.

మంగళవారం పొద్దున తీపి పెట్టాను. తువ్వాలు కొసలు ఎప్పటిలాగే మడిచి వదిలేశాను. రూబెన్ లారీ వెళ్ళిపోయాక నేను కారు తీసుకెళ్ళి చర్చి వెనక పెట్టి, కోసేసిన పొలానికి అడ్డంపడి నడిచి వచ్చాను. తీగలు కాళ్ళకి చుట్టుకున్నాయి. కోతవాళ్ళు వదిలేసిన కాయలు అక్కడక్కడా పాలిపోయి పడున్నాయి. ఇంట్లోకొచ్చి, వంటింటిని ఆనుకున్న బట్టలుతికే చిన్న గదిలో, తలుపు సందు ఉంచుకుని కూర్చున్నాను.

అంత కంగారులోనూ బుట్టలో అతని చొక్కా చేతులు నా గౌనుని చుట్టుకుని ఉండటం చూసి కాసేపు సంతోషపడ్డాను. తర్వాత ఆ సంతోషం మీద నాకే కోపమొచ్చింది. ఇంకో ఆడమనిషి అయితే? ఇన్నాళ్ళూ ఆ ఆలోచన గడప దాకా వచ్చి తిరిగిపోయేది. ఆ గదిలో కూర్చున్నాక లోపలికి వచ్చేసింది.

వెన్న వాసన చిక్కబడింది. మధ్యాహ్నం కావస్తుండగా లారీ వచ్చి ఆగింది. వెనక తలుపు తెరుచుకుంది.

"రా," అన్నాడు రూబెన్. "టెస్సా బడికెళ్ళింది."

"ముందు బూట్లు తుడుచుకోరా. ఆ పిల్ల నేల ఎంత శుభ్రంగా పెట్టుకుందో చూడు."

ఆడగొంతు. వయసు మళ్ళిన గొంతు. సందులోంచి ఆమె వీపు, కర్మాగారం వాళ్ళిచ్చే తెల్ల టోపీ కనిపించాయి. ఆమె సరాసరి కుక్కర్ దగ్గరికి వెళ్ళింది.

"మళ్ళీ కొసలు ఊరికే పడేసింది. ఎప్పుడో కాలుతుంది. ఎవరూ చెప్పలేదు కాబోలు."

"నువ్వే చెప్పు."

"ఎలా చెబుతాను? దొంగలా వచ్చి, దొంగలా తిని పోతున్నాను."

"దొంగతనమేంటమ్మా. నా ఇల్లే కదా."

అమ్మా అన్నాడు. ఎంతో అలవాటున్నట్టు, అంత మామూలుగా. మొహం కూడా గుర్తులేదని చెప్పిన నోటితోనే.

"ఆ పిల్ల ఇల్లు కూడా," అంది లోరీన్. గిన్నెలో చెంచా తగిలిన చప్పుడు. "ఎప్పుడు చెబుతావు దానికి?"

"కోతలవగానే."

"మొన్నా అదే అన్నావు."

"చెబితే దాచుకోలేదమ్మా. దాని సంగతి నీకు తెలీదు. అబద్ధమాడితే మెడ ఎర్రబడుతుంది. ఆర్డిత్ అత్త ఒక్క చూపుతో పట్టేస్తుంది. అప్పుడు నువ్వు మళ్ళీ..." ఆగిపోయాడు. "దానితో అబద్ధమాడిన ప్రతిసారీ నాకు అన్నం సయించడం లేదు. అక్రోట్లు బావున్నాయా అని అడిగింది. నేనేదో వాగాను. వాగినప్పటినుంచీ నన్ను ఒక రకంగా చూస్తోంది."

బట్టల బుట్ట పక్కన కూర్చుని నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

"ఆర్డిత్‌కి తెలిసిన రోజు నేను ఈ ఊళ్ళో ఉండను," అంది లోరీన్. "మాటిచ్చాను. ప్రతి క్రిస్మస్‌కీ నీ ఫొటో పంపుతుంది, నేను ఈ వైపు రాకూడదు, అదీ ఒప్పందం. తను మాట తప్పలేదు. నువ్వు పెద్దవాడివై సూటు వేసుకున్నదాకా అన్నీ పంపింది. తప్పింది నేనే. కోతల పనికి మనుషులు కావాలంటున్నారని విని, ఒక్క సీజను నిన్ను దూరంనుంచి చూసి పోదామనుకున్నాను."

దేవుడికెరుక అంది ఆర్డిత్ అత్తయ్య, కుక్కర్ లోపలికి చూస్తూ. దేవుడొక్కడికే కాదు. ఆవిడకీ ఎరుకే. ఏటా క్రిస్మస్‌కి ఏ ఊరికి పంపాలో ఎరుకే. అంతా తెలిసి, నా ఏడుపు చూస్తూ, మంగళవారం అని నా నోటితో చెప్పించుకుంది.

వాకిట్లో కంకర మీద కారు తిరిగిన చప్పుడయింది. పొగగొట్టం ఊడబోతున్న ఆర్డిత్ అత్తయ్య కారు గురక అది, ఊళ్ళో ఇంకే కారుకీ లేదు.

ఇంక ఆలోచించడానికి ఏమీ లేదు. తలుపు తోసుకుని వంటింట్లోకి వచ్చాను.

లోరీన్ చేతిలో గిన్నె. ఆమె మొహంలో రూబెన్ కళ్ళు.

"అత్తయ్య వస్తోంది," అన్నాను. "నేనే చెప్పాను. ఎవరో వస్తున్నారని చెప్పాను. మీరని నాకు తెలీదు."

లోరీన్ గిన్నె గట్టు మీద పెట్టింది. "రూబెన్, పొలాల మీదుగా తీసుకెళ్ళి దించెయ్యి నన్ను." అతను తాళాలు తీశాడు. నా పక్కనుంచి వెళ్ళబోతూ ఒక్కసారి నా మొహంలోకి చూశాడు. ఇన్నాళ్ళూ నేను అతన్ని చూసిన చూపే అది. నన్నెవరైనా అలా చూస్తే ఎంత చల్లగా తగులుతుందో అప్పుడు తెలిసింది.

"వెళ్ళకండి," అన్నాను ఆమెతో. "ఇప్పుడు వెళ్తే ఆవిడ చెప్పిన కథే నిజమైపోతుంది. ఇంకోసారి."

"ఏం కథ చెప్పింది?"

నేను చెప్పేలోగా తలుపు తెరుచుకుంది. ఆర్డిత్ అత్తయ్య తలుపు కొట్టలేదు. గుమ్మంలో నిలబడి ముందు నన్నూ, తర్వాత రూబెన్ చేతిలో తాళాలనూ, చివరికి లోరీన్‌నూ చూసింది.

"బాగా చిక్కిపోయావు," అంది లోరీన్‌తో.

"నువ్వు ముసలిదానివైపోయావు వదినా."

"మాటిచ్చావు నాకు."

"ఇచ్చాను."

"టెస్సా," అంది ఆవిడ నావైపు తిరగకుండానే, "నువ్వు కాసేపు బయట ఉండు. ఇది ఇంటివాళ్ళ సంగతి." నేను కదల్లేదు. ఆవిడ మళ్ళీ చెప్పలేదు. లోరీన్ మీదనుంచి చూపు తిప్పకుండా అడిగింది. "ఎందుకు వెళ్ళావో వాడికి చెప్పావా? లేక ఆ ఒక్క ముక్కా నేనే చెప్పాలా?"

లోరీన్ మొహంలో రక్తం ఇంకిపోయింది.

రూబెన్ తల్లివైపు చూశాడు. అత్తవైపు చూశాడు. తర్వాత చేతిలో తాళాలు బల్ల మీద పెట్టి, ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పక్క కుర్చీ కాలితో నావైపు తోశాడు.

"చెప్పండి," అన్నాడు. "ఎవరు చెప్పినా సరే. టెస్సా కూడా వింటుంది."